కాలి బొబ్బ చిన్న విషయము కాదు

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున ఒక ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



ఈ శిబిరములో ఇంతవరకు పన్నులను గురించియు, మంచినీటి పథకములను గురించియు, వీధి దీపములను గురించియు మీరు వినియున్నారు. నేను మాటాడబోవునది అంతకంటె మిక్కిలి చిన్నదిగా తోచు విషయము. పరుగెత్తువారికి, కబడ్డీ ఆడువారికి, దూరము నడచువారికి పాదములపై లేచు బొబ్బలను గురించియు, ఒరిపిడిచే చర్మము రేగుటను గురించియు చెప్పదలచితిని. దీనికొక ప్రసంగము కావలెనా యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నేనును మొదట అట్లే తలచితిని. నేను వైద్యుడను కాను. వైద్యుల వలన తెలిసికొన్న దానిని గ్రామములకు చేర్చుట నా పని. నా తలంపును మార్చిన సంగతి ఒకటి ముందుగా మనవి చేసెదను.

నేను తరచు పోవుచుండిన ఒక గ్రామములో ఒక యువకుడు పోలీసు కానిస్టేబులు ఉద్యోగమునకు సిద్ధపడుచుండెను. ఆ ఉద్యోగమునకై పురుషులు 1600 మీటర్ల పరుగులో నెగ్గవలయునని మీకు తెలియును. అతడు ఆరు నెలలు తెల్లవారుజామున లేచి, చెరువుకట్ట మీద పాత కాన్వాసు బూట్లతో పరుగెత్తెను. తొలి వ్రాతపరీక్షలో నెగ్గెను. పరుగు పరీక్ష మూడు దినములున్నదనగా అతని తండ్రి, కొడుకు మంచి బూట్లతో పరుగెత్తవలెనను ఆశతో, అప్పు చేసి క్రొత్త బూట్లు కొని తెచ్చెను. అతడు వాటిని తొడిగి రెండు దినములు పరుగెత్తెను. మొదటినాడే మడమలు మండెను. ఇంత మాత్రమునకు ఆగుట పౌరుషము కాదని ఆగలేదు. రెండవనాటి సాయంకాలమునకు రెండు మడమల మీదను రూపాయి బిళ్ళలంత బొబ్బలు లేచి పగిలెను. పరీక్షనాడు సగము దూరము దాటినంతనే కుంట నారంభించెను. ఆ పరీక్ష తప్పెను. తరువాత నేను వెళ్ళినపుడు ఆ తండ్రి, "కొత్త జోళ్ళు కొనకపోయినా బాగుండేది బాబూ, వాడి ఆరు నెలల కష్టం నేనే పోగొట్టాను" అని కంట తడి పెట్టెను. తప్పు ఆ తండ్రిది కాదు. ఆ యింటికి వచ్చి ఒక్క మాట చెప్పువారు లేకపోయిరి.

ఇది ఉద్యోగము పోయిన కథ. ప్రాణము పోయిన కథయు చరిత్రలో కలదు. 1924 వ సంవత్సరమున కాల్విన్ కూలిడ్జ్ అమెరికా దేశాధ్యక్షుడుగా నుండెను. తండ్రి పేరే పెట్టుకొన్న ఆయన చిన్న కుమారుడు, 16 ఏండ్ల బాలుడు, జూను నెలాఖరున అధ్యక్ష భవనపు ఆవరణలో మేజోళ్ళు లేకుండ బూట్లు తొడిగి టెన్నిస్ ఆడెను. కాలివ్రేలి మీద బొబ్బ లేచెను. అందు సూక్ష్మక్రిములు చేరి విషము రక్తమునకు ఎక్కెను. గొప్ప వైద్యులు వచ్చి చూచిరి. జూలై 7 వ తేదీన ఆ బాలుడు మరణించెను. పెన్సిలినును ఫ్లెమింగ్ కనుగొన్నది 1928 లో. నేడు మందులు కలవు, నిజమే. కాని వేళకు వైద్యుని వద్దకు పోయిననే గదా ఆ మందు పనిచేయుట!

బొబ్బ ఎట్లు లేచును? మనము అడుగు వేసినపుడు లోపలి ఎముక ముందునకును వెనుకకును కదలును. బూటు మాత్రము పైచర్మమును పట్టుకొని వదలదు. ఈ రెంటి నడుమ చర్మము సాగును. వేలకొలది అడుగులలో ఇట్లు సాగి సాగి, పైచర్మపు పొరలు లోలోపల విడిపోవును. ఆ చీలికలోనికి నీరూరును. అదియే బొబ్బ. చెమట దీనికి తోడగును. గడ్డపార పట్టబోవు కూలి అరచేతులలో ఉమ్మివేసి రుద్దుకొనుట మీరు చూచియుందురు. ఏలయన, చెమ్మ యున్నచో పట్టు హెచ్చును. పారకు మేలు చేయు ఆ పట్టే బూటులోని పాదమునకు కీడు చేయును. అందువలన ఎండకాలమున, చెమట పట్టిన పాదములకు బొబ్బలు త్వరగా లేచును.

ఇక నివారణ. మొదట పాదరక్ష కొలత. పిల్లవాని పాదమును ఈనెపుల్లతో కొలిచి, ఆ పుల్లను జేబులో వేసికొని సంతకు పోవుట మన అలవాటు. నడచి తిరిగిన పాదము సాయంకాలమునకు కొంత ఉబ్బును. ఉదయము కొలిచిన పుల్ల సాయంకాలపు పాదమునకు చాలదు. కావున పిల్లవానినే తీసికొని, సాయంకాలమున, మేజోళ్ళు తొడిగించి, రెండు కాళ్ళకును బూట్లు వేసి నడిపించి కొనవలయును. పొడవైన వ్రేలి ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటుండవలయును. మడమ లోపల జారరాదు. పెరిగెడి కాలు గదా యని రెండు కొలతలు పెద్దది కొనుటయు మంచిది కాదు. జారెడి బూటు బిగుతు బూటు వలెనే ఒరుసును.

రెండవది, క్రొత్త పాదరక్షను మచ్చిక చేసికొనుట. క్రొత్త చెప్పు కరచునని మన పెద్దలు ఊరక అనలేదు. తోలు చెప్పులకు ఆముదము రాచి మెత్తపరచి గాని వారు తొడిగెడివారు కారు. క్రొత్త బూట్లను మొదట ఇంటిలో అరగంట తొడిగి, తరువాత నడకకు, పిదప కొద్ది పరుగుకు వాడి, సుమారు రెండు వారములలో అలవాటు చేసికొనవలయును. పోటీనాడు, పరీక్షనాడు క్రొత్త బూటు ఎన్నడును తొడగరాదు.

ఇచ్చట ఒక ముచ్చట. 1960 లో రోము నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఇథియోపియా దేశస్థుడు అబెబె బికిల, 42 కిలోమీటర్లకు పైబడిన మారథాన్ పరుగును వట్టి కాళ్ళతో పరుగెత్తి నెగ్గెను. క్రొత్త బూట్లు కాలికి సరిగా అమరనందున ఆయన వాటిని విడిచెను. వట్టికాళ్ళ పరుగు ఆయనకు అంతకుమునుపే అలవాటు. 1964 లో టోకియోలో ఆయనయే బూట్లు తొడిగి మరల నెగ్గెను. కావున బూటా, వట్టికాలా యన్నది ప్రధానము కాదు. పాదమునకు అలవాటైనది ఏది యన్నదే ప్రధానము. అయితే మన ఊళ్ళలో వట్టికాళ్ళ ఆటకు పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు, గాజుపెంకులు శత్రువులు. మిట్టమధ్యాహ్నపు నేల అరికాళ్ళను కాల్చియే బొబ్బలెక్కించును. ఎండవేళ పోటీలు పెట్టరాదు.

మూడవది మేజోళ్ళు. అవి ఉతికినవి, పొడివి, చిరుగులు లేనివి కావలయును. ముడతపడిన మేజోడు బూటులో గులకరాయితో సమానము. నూలు మేజోళ్ళు చెమటను పీల్చి తడిగానే యుండును. ఎక్కువ దూరము పరుగెత్తువారికి నైలాను వంటి నూలుకాని మేజోళ్ళు మేలు. పలుచని మేజోళ్ళు రెండు జతలు ఒకదానిపై నొకటి తొడిగినచో రాపిడి ఆ రెండు బట్టల నడుమ జరిగి, చర్మము కొంత తప్పించుకొనును. తడిసినంతనే మార్చుకొనుటకు మరియొక జత సంచిలో నుండవలయును.

నాలుగవది, పాదమును సిద్ధపరచుట. గోళ్ళు తిన్నగా కత్తిరించుకొని, వ్రేళ్ళ సందులు తుడిచి ఆరబెట్టుకొని, బూట్లలోని ఇసుక దులుపవలయును. ఎప్పుడును ఒరుసుకొనుచోట వాసెలైను పూయవచ్చును. దాని ప్రభావము కొన్ని గంటలే గావున దూరము నడచువారు మరల పూయవలయును. మందుల దుకాణములో దొరకు కాగితపు ప్లాస్టరు చుట్ట చవుకైనది. 128 మంది దూరపు పరుగువారిపై అమెరికా వైద్యులు జరిపి 2016 లో ప్రకటించిన పరిశోధనలో, ముందుగా ఈ ప్లాస్టరు అంటించిన చోట్ల బొబ్బలు బాగుగా తగ్గినవని తేలినది.

ఐదవది అన్నిటికంటె ముఖ్యమైనది: ఆగుట. బొబ్బ లేచుటకు ముందు ఆ చోట వేడి పుట్టును, ఎఱ్ఱబడును, చురుక్కుమనును. అదియే హెచ్చరిక. ఆ క్షణమున ఆగి, బూటు విప్పి, పాదము తుడిచి, ప్లాస్టరు అంటించినచో ఐదు నిమిషముల పని. ఆగనిచో ఐదు దినములకు తక్కువ గాదు. మన పిల్లలు ఏల ఆగరు? శిక్షకుడు కోపించునని, తోటివారు నవ్వుదురని. నొప్పిని ఓర్చుకొనుట వీరత్వమని మనమే వారికి నేర్పితిమి. ఎద్దు మెడమీద కాడి ఒరిసి పుండు పడినచో రైతు ఆనాడు దానిని నాగటికి కట్టడు. ఎద్దుపై చూపు ఆ కనికరమును బిడ్డలపై చూపలేమా?

ఒకవేళ బొబ్బ లేచినచో ఏమి చేయవలయును? చిన్న బొబ్బను చిదుపరాదు. దాని పై తోలే దానికి కట్టు. సబ్బునీటితో కడిగి, తుడిచి, శుభ్రమైన గుడ్డతో మూసి, ఒరిపిడి తగులకుండ కాపాడినచో, క్రొత్త చర్మము కొద్ది దినములలో అదియే వచ్చును. మిక్కిలి పెద్దదై నడవనీయని బొబ్బనుండి నీరు తీయవలసి వచ్చినచో ఆరోగ్య కార్యకర్తచే శుభ్రమైన సూదితో అంచున గుచ్చించి తీయించవలయునే గాని, తోలు ఊడబెరుకరాదు. బూడిద, పేడ, సున్నము, ఇంజను నూనె పూయరాదు. బొబ్బ చుట్టును ఎఱ్ఱదనము వ్యాపించినను, చీము పట్టినను, ఎఱ్ఱని చార పైకి ప్రాకినను, గజ్జలలో బిళ్ళ కట్టినను, జ్వరము తగిలినను అదేదినమున ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలయును. ధనుర్వాతపు టీకా సంగతియు అచ్చటనే అడుగవలయును.

ఇక ఒరిపిడి. చెమట పట్టి, తొడల నడుమ, చంకలలో, నడుము పట్టీ క్రింద చర్మము ఒరిసి రేగుట పరుగెత్తువారికి సామాన్యము. చెమటలోని ఉప్పు దానిని మరింత మండించును. దీనికి మందు సులభము: కుట్లు గుచ్చుకొనని, ఒంటికి అంటియుండి తొడలను కప్పు లాగు, ఒరుసుకొను చోట వాసెలైను గాని కొబ్బరినూనె గాని, ఆట ముగిసినంతనే స్నానము, పొడి బట్టలు.

ఈ సందర్భమున మహిళా సభ్యులకు ఒక ప్రత్యేక మనవి. ఒక పాఠశాలలో చక్కగా పరుగెత్తు బాలిక అకస్మాత్తుగా సాధనకు రాకుండెను. కాళ్ళనొప్పి యని చెప్పెను. తుదకు ఒక ఉపాధ్యాయిని ఏకాంతమున అడుగగా, బిరుసు బట్టల వలన తొడలు ఒరిసి నెత్తురు చిమ్ముచున్నదనియు, పురుష శిక్షకునితో చెప్పలేక మానితిననియు చెప్పినది. ఒక లాగు, ఒక వాసెలైను డబ్బా ఆ బాలికను మరల మైదానమునకు తెచ్చినవి. అడుగువారు లేక ఆట మానుకొన్న బాలికలు మన ఊళ్ళలో ఎందరో! మన రెండు తెలుగు రాష్ట్రములలోను పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడినవి. ఈ మాట అడుగుటకు మీకంటె తగినవారెవరు?

మధుమేహ రోగులను గూర్చియు ఒక మాట. ఆ వ్యాధి ముదిరినవారికి పాదములలో స్పర్శ తగ్గును. బొబ్బ లేచినను తెలియదు. అది పుండై, మానక, కాలు తీసివేయవలసిన స్థితి వచ్చుట కలదు. వారు వట్టికాళ్ళతో నడువరాదు. ప్రతిరాత్రియు అరికాళ్ళు చూచుకొనవలయును. బొబ్బ చిన్నదైనను వైద్యునికి చూపవలయును. అలిపిరి నుండి సుమారు 3550 మెట్లెక్కి తిరుమలకు పోవువారిలోను, ఉగాదికి నల్లమల అడవి గుండ శ్రీశైలమునకు నడచు కన్నడ భక్తులలోను ఇట్టివారుందురు. వట్టికాళ్ళతో నడువ మ్రొక్కుకొన్నవారు ముందుగా వైద్యుని సలహా పొందుట మంచిది. యాత్రామార్గములోని గ్రామములు మజ్జిగతోపాటు కాళ్ళు కడుగుకొను నీరును, పొడి గుడ్డయు, ప్లాస్టరును ఉంచినచో అదియు పుణ్యకార్యమే.

ఇక పంచాయతీ చేయదగిన పనులు. మైదానములో ముళ్ళు, పెంకులు ఏరించుడు. ప్రక్కన ఒక కుళాయి, ఒక నీడ, కూర్చుండి బూట్లు విప్పుకొనుటకు ఒక అరుగు ఏర్పరచుడు. సబ్బు, దూది, శుభ్రమైన గుడ్డపట్టీలు, కాగితపు ప్లాస్టరు, కత్తెర, వాసెలైను గల పెట్టె నొకదానిని శిక్షకుని వద్ద నుంచి, నెల కొకసారి చూచుడు. ఆంధ్రప్రదేశములో 2020 నుండి ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు బూట్లును మేజోళ్ళును ఇచ్చు పథకము మొదలైనది. అట్టి బూట్లు పంచునపుడు కొలతలు సరిగా తీయుచున్నారేమో మీలో ఒకరు పోయి చూడుడు. కొలత తప్పిన బూటు ఉచితముగా వచ్చినను కరచుట మానదు. తుదిగా, గ్రామ పోటీల నాడు వేదిక నుండి ఒక్క మాట ప్రకటించుడు: "కాలు మండినవాడు ఆగవచ్చును, ఆగుట ఓటమి కాదు."

నేను చెప్పిన యువకుడు మరుసటి నియామకమునకు మరల పరుగెత్తెను. ఈసారి తన పాత బూట్లనే తొడిగి, మడమలకు ప్లాస్టరు అంటించుకొని పోయెను. పరుగులో నెగ్గెను. నేడతడు ఉద్యోగములో నున్నాడు. సెలవునాడు ఇంటికి వచ్చినపుడు చెరువుకట్ట మీద పరుగెత్తు పిల్లలను ఆపి, బూట్లు విప్పించి మడమలు చూచుచున్నాడు. ఆ పని అతడొక్కడిది కాదు, మనది. మీ మీ గ్రామములకు పోయి రేపటి ఉదయమున ఒక్కసారి మైదానమునకు పోయి, పిల్లల పాదములు చూడుడని కోరుచున్నాను.