పసిపిల్లల వస్తువును వాపసు పిలిస్తే: వినియోగదారులుగా మన హక్కులు



ఇంట్లో బిడ్డ పుట్టబోతోందంటే బిడ్డకంటే ముందే వస్తువులు వచ్చి చేరతాయి. ఉయ్యాల, పాలసీసా, పౌడరు డబ్బా, గిలక్కాయలు, ఆ తరువాత నడక నేర్చే వేళకు వాకరు. కొన్ని మనం కొంటాం. కొన్ని బారసాలకు వచ్చిన బంధువులు తెస్తారు. అక్క పిల్లలు వాడి వదిలినవి చెల్లెలి ఇంటికి వస్తాయి. కొనేటప్పుడు రంగు చూస్తాం, ధర చూస్తాం, బేరమాడతాం. కొన్న తరువాత ఆ వస్తువును గురించి ఒక కబురు రావచ్చునన్న ఆలోచన మాత్రం మనలో చాలామందికి ఉండదు. ఈనాటి ప్రసంగం ఆ కబురును గురించే.

అమ్ముడుపోయిన వస్తువులో ప్రమాదకరమైన లోపం ఉన్నదని తరువాత తెలిసినప్పుడు, దానిని దుకాణాల నుంచీ, కొన్నవారి ఇళ్ల నుంచీ వెనక్కి రప్పించడాన్ని రీకాల్ అంటారు. మనం దానిని వాపసు పిలుపు అనుకుందాం. కంపెనీ తనంతట తానే ఈ పిలుపు ఇవ్వవచ్చు. ప్రభుత్వ సంస్థ ఉత్తర్వు మీద కూడా ఇవ్వవలసి రావచ్చు. ఎవరు ఇచ్చినా, అది మన ఇంటి గడప దాటి లోపలికి వచ్చిన నాడే దానికి ఫలితం. లేకపోతే అది కాగితం మీదనే ఉండిపోతుంది.

దీనికి అమెరికాలో జరిగినదే ఒక ఉదాహరణ. ఫిషర్-ప్రైస్ అనే కంపెనీ రాక్ ఎన్ ప్లే పేరుతో పసిబిడ్డలను ఏటవాలుగా పడుకోబెట్టే ఉయ్యాలను 2009 నుంచి అమ్మింది. పట్టీ పెట్టని బిడ్డలు అందులో పక్కకో బోర్లాకో తిరిగి, ఊపిరాడక చనిపోయిన సంఘటనలు బయటపడ్డాయి. 30కి పైగా మరణాలు నమోదైన తరువాత, 2019 ఏప్రిల్‌లో సుమారు 47 లక్షల ఉయ్యాలలను కంపెనీ వాపసు పిలిచింది. అంతటితో కథ ముగియలేదు. 2023 జనవరిలో అదే పిలుపును మళ్లీ ఇవ్వవలసి వచ్చింది. అప్పటికి మరణాల లెక్క సుమారు 100కు చేరింది. అందులో కనీసం 8 మంది బిడ్డలు మొదటి పిలుపు వెలువడిన తరువాత చనిపోయినవారు. పిలుపు ఇచ్చాక కూడా ఆ ఉయ్యాలలు కొన్ని ఇళ్లలో ఊగుతూనే ఉన్నాయన్న మాట.

ఫ్రాన్సులో జరిగినది మరొక రకం. 2017 డిసెంబరులో లాక్టాలిస్ కంపెనీ తయారుచేసిన పాలపొడిలో సాల్మొనెల్లా అనే రోగక్రిమి చేరిందని తేలింది. 30 మందికి పైగా పసిబిడ్డలు జబ్బుపడ్డారు. 83 దేశాల నుంచి కోటి ఇరవై లక్షలకు పైగా డబ్బాలను వెనక్కి రప్పించవలసి వచ్చింది. అయినా పిలుపు తరువాత కూడా కొన్ని పెద్ద దుకాణాలు ఆ డబ్బాలను అమ్మాయి. ఒక్క లెక్లెర్క్ దుకాణాలే 984 డబ్బాలు అమ్మినట్టు ఒప్పుకున్నాయి.

ఈ రెండింటి నుంచి మనం గ్రహించవలసినది ఒకటే. వాపసు పిలుపు వచ్చిందంటే ప్రమాదం తీరిపోయినట్టు కాదు. డబ్బా మన అలమరలో ఉన్నంతవరకు, ఉయ్యాల మన దూలానికి వేలాడుతున్నంతవరకు ప్రమాదం మన ఇంట్లోనే ఉన్నది.

సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు ఈ చిక్కు మరికాస్త ఎక్కువ. ఊరికి వచ్చే పత్రిక కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు చదివేది తెలుగు. రాయగడలో ఉన్నవారు పార్వతీపురంలో సరుకులు కొంటారు. యానాంవారు కాకినాడ వెళతారు. కాన్పు పుట్టింట్లో ఒక రాష్ట్రంలో జరుగుతుంది, బిడ్డ పెరిగేది అత్తింట్లో ఇంకో రాష్ట్రంలో. వస్తువు కొన్న ఊరొకటి, వాడే ఊరొకటి. అటువంటప్పుడు ఎవరిని అడగాలి, ఎక్కడ అడగాలి అన్నది సహజంగా వచ్చే ప్రశ్న.

దీనికి మన చట్టంలో సమాధానం ఉంది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. అది 2020 జూలైలో అమలులోకి వచ్చింది. దాని కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. విచారణలో తగిన సాక్ష్యం దొరికితే, ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి రప్పించమనీ, కొన్నవారికి ధర తిరిగి ఇవ్వమనీ ఉత్తర్వు ఇచ్చే అధికారం ఈ సంస్థకు ఉంది. దీనికి ఢిల్లీ వెళ్లనక్కరలేదు. మీ జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆయన విచారించి నివేదిక పంపవచ్చునని చట్టంలోనే ఉంది. ఇది పదిమంది బిడ్డల క్షేమం కోసం వెళ్లే దారి. మన సొంత డబ్బు, మన సొంత నష్టపరిహారం కావాలంటే వెళ్లవలసినది జిల్లా వినియోగదారుల కమిషన్‌కు. ఇంతకుముందు దీనినే జిల్లా ఫోరం అనేవాళ్లం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హోసూరులో కాపురమున్న ఒక అమ్మాయి కాన్పుకు కుప్పంలోని పుట్టింటికి వెళ్లిందనుకోండి. తాతగారు మనవడికని అక్కడే ఒక ఉయ్యాల కొన్నారు. అయిదో నెలలో అమ్మాయి బిడ్డనూ ఉయ్యాలనూ తీసుకుని హోసూరు వచ్చేసింది. ఆ తరువాత ఉయ్యాల కొక్కెంలో లోపమున్నదని కంపెనీ వాపసు పిలిచింది. దుకాణదారు మాత్రం, "నాకు సంబంధం లేదు, కంపెనీని అడుక్కోండి" అన్నాడు.

ఇక్కడ మొదటి సందేహం: కొన్నది తాతగారు, వాడేది మనవడు. వినియోగదారు ఎవరు? ఇద్దరూ. కొన్నవారి అనుమతితో వాడేవారు కూడా వినియోగదారులేనని చట్టం చెబుతోంది. కనుక బారసాల కానుకగా వచ్చిన వస్తువుకైనా ఈ హక్కు ఉంటుంది. బిడ్డ మైనరు కాబట్టి తల్లిగానీ తండ్రిగానీ ఫిర్యాదు చేయవచ్చు.

రెండవ సందేహం: ఫిర్యాదు ఎక్కడ? పాత చట్టం ప్రకారమైతే కంపెనీవారో దుకాణదారో వ్యాపారం చేసే చోట, లేదా వ్యవహారం జరిగిన చోట వేయవలసి వచ్చేది. హోసూరు అమ్మాయి ఆంధ్ర వైపు పరుగెత్తవలసి వచ్చేది. కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట కూడా వేయవచ్చు. అంటే ఆమె తమ కృష్ణగిరి జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. చిత్తూరు దగ్గరనుకుంటే అక్కడా వేయవచ్చు. ఆ ఎంపిక ఆమెది. సరిహద్దులో ఉన్నవారికి ఇంతకంటే పెద్ద మేలు ఈ చట్టంలో మరొకటి లేదని చెప్పవచ్చు.

మూడవ సందేహం ఖర్చు. వస్తువు ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. పిల్లల వస్తువేదీ ఆ ధర దాటదు. వకీలు తప్పనిసరి కాదు, మీ మాట మీరే చెప్పుకోవచ్చు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. కంప్యూటరు ద్వారా వేసే వీలు ఉంది. 2025 జనవరి నుంచి దీనికి ఈ-జాగృతి అనే ఏర్పాటు నడుస్తోంది. కోరితే వీడియో ద్వారా విచారణకు అనుమతించే వీలు కూడా చట్టంలో ఉంది. యానాం వంటి చోట ఉండి పుదుచ్చేరి దాకా వెళ్లలేనివారు దీనిని గుర్తుంచుకోవాలి. ప్రయోగశాల పరీక్ష అవసరం లేని కేసును మూడు నెలల్లో, పరీక్ష అవసరమైన దానిని అయిదు నెలల్లో పరిష్కరించడానికి ప్రయత్నించాలని చట్టం నిర్దేశించింది. ఆచరణలో ఇంకా ఆలస్యం కావచ్చు. అందుకని కాగితాలన్నీ మొదటే సిద్ధంగా ఉంచుకోవడం మంచిది.

కమిషన్ ఏమి ఇప్పించగలదు? లోపం సరిచేయించడం, బదులు కొత్త వస్తువు ఇప్పించడం, ధర తిరిగి ఇప్పించడం, నష్టపరిహారం ఇప్పించడం. లోపమున్న వస్తువుకు ధర అడగడానికి బిడ్డకు దెబ్బ తగిలే వరకు ఆగవలసిన పని లేదు. ఒకవేళ బిడ్డకు హాని జరిగితే, తయారీలోగానీ రూపకల్పనలోగానీ లోపమున్నా, సరైన హెచ్చరిక రాయకపోయినా తయారీదారుదే బాధ్యత. సంతలో కొన్న ఊరూపేరూ లేని బొమ్మ సంగతేమిటని మీరు అడగవచ్చు. తయారుచేసినవారెవరో తెలియనప్పుడు అమ్మినవారినే బాధ్యులను చేసే వీలు ఉంది.

దుకాణాల్లో "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు చూసి చాలామంది వెనుదిరుగుతారు. లోపమున్న సరుకుకు ఆ బోర్డు వర్తించదు. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, లేకపోతే 30 రోజుల్లోగా, లోపమున్న సరుకు తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. కనుక బిల్లు అడిగి తీసుకోండి. అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత. దుకాణదారు అమ్మకంటే దయగలవాడని అనుకోలేం కదా!

పాలపొడి, పిల్లల ఆహారాల విషయంలో ఇంకొక ఏర్పాటు ఉంది. 2017 నాటి ఆహార వాపసు నిబంధనల ప్రకారం, సరుకు సురక్షితం కాదని తెలిసిన 24 గంటల్లో కంపెనీ దానిని వెనక్కి రప్పించే పని మొదలుపెట్టాలి. అనుమానం ఉంటే జిల్లాలోని ఆహార భద్రత అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. పాలసీసా మీద, 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మల మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలి. బొమ్మలకు ఈ నియమం 2021 జనవరి 1 నుంచి అమలులో ఉంది.

ఇప్పుడు వాపసు పిలుపు వినగానే ఏమి చేయాలో చూద్దాం. మొట్టమొదట వాడకం ఆపండి. "ఇన్నాళ్లు వాడాం, ఏమీ కాలేదు" అన్న మాట ఈ విషయంలో పనికిరాదు. తరువాత వస్తువు మీద గానీ పెట్టె మీద గానీ ఉన్న మోడలు పేరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ ప్రకటనతో పోల్చి చూడండి. చాలాసార్లు అన్ని డబ్బాలనూ కాక ఫలానా బ్యాచ్‌నే వాపసు పిలుస్తారు. కోపంతో పారేయవద్దు, అదే మీ సాక్ష్యం. పిల్లలకు అందకుండా, ఆహారమైతే మిగతా సరుకుల్లో కలవకుండా వేరుగా కట్టి ఉంచండి. ఫోటో తీసుకోండి. పాత సామాన్లవాడికి అమ్మవద్దు, పనిమనిషికి ఇవ్వవద్దు. మన బిడ్డకు పనికిరానిది ఆమె బిడ్డకు మాత్రం ఎలా పనికివస్తుంది? కంపెనీకీ దుకాణానికీ ఉత్తరం రాసి నకలు దాచుకోండి. వస్తువు అప్పగించేటప్పుడు రసీదు తీసుకోండి. బిడ్డకు సుస్తీ చేస్తే డాక్టరుకు ఏమి వాడారో చెప్పి, ఆ చీటీలన్నీ భద్రపరచండి.

బిల్లు పోయిందా? దారి మూసుకుపోయినట్టు కాదు. ఫోనులో డబ్బు చెల్లించిన వివరం, వారంటీ కార్డు, పెట్టె, ఇవన్నీ కొనుగోలును చూపడానికి పనికివస్తాయి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఫోనుల్లో తిరిగే ప్రతి మాటా వాపసు పిలుపు కాదు. 2022 సెప్టెంబరులో మహారాష్ట్ర ఆహార, ఔషధ నియంత్రణ శాఖ, పుణె, నాసిక్‌లలో తీసిన నమూనాలు ప్రమాణానికి తగినట్టు లేవంటూ జాన్సన్ బేబీ పౌడరు తయారీ లైసెన్సును రద్దుచేసి, నిల్వలను వెనక్కి రప్పించమన్నది. 2023 జనవరిలో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. ఆ మధ్య కాలంలో ఎన్ని రకాల మాటలు ప్రచారంలోకి వచ్చి ఉంటాయో ఊహించుకోండి. అసలైన ప్రకటనలో వస్తువు పేరు, బ్యాచ్, కారణం, ఎవరిని సంప్రదించాలన్నది స్పష్టంగా ఉంటాయి. సందేహముంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేయండి. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.

చివరగా ఒక మనవి. పిల్లల వస్తువుల బిల్లులు, పెట్టె మీది బ్యాచ్ నంబరున్న ముక్క ఒక సంచిలో వేసి ఉంచండి. ఉయ్యాల చెల్లెలి ఇంటికి వెళితే ఆ సంచి కూడా దానితో వెళ్లాలి. మీరు ఒక వాపసు పిలుపు వింటే, అది వేరే భాషలో వచ్చినదైతే, పొరుగున ఉన్న తెలుగు తల్లికి ఆ నాలుగు మాటలు తెలుగులో చెప్పండి. చట్టం ఎంత మంచిదైనా తనంతట తాను ఇంటింటికీ నడిచి రాదు. దానిని గడప దాకా తేవలసినది మనమే.