మ్యాన్‌హోల్‌లోకి దిగని యంత్రం

(విద్యార్థులు, పరిశోధకుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



సాంకేతికత, పని, నైతికత, ప్రభుత్వ నియంత్రణ అనే నాలుగు మాటల మీద మాట్లాడమని నన్ను అడిగారు. వీటి మీద ఇప్పుడు దేశమంతా చర్చ నడుస్తోంది. కృత్రిమ మేధ వస్తే ఎవరి ఉద్యోగాలు పోతాయన్నదే అందులో ఎక్కువ భాగం. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు, అందులోకి వెళ్లాలని చదువుకుంటున్న మీకు ఆ భయం ఉండటం సహజమే. నేను మాత్రం అవతలి వైపు నుంచి మొదలుపెడతాను. ఏ పనిని మనిషి చేతిలోంచి తీసుకుని యంత్రానికి అప్పగించమని మన ఉద్యమాలు దశాబ్దాలుగా అడుగుతున్నాయో, ఆ పనిలోకి యంత్రం ఎందుకు సరిగా రాలేదు? వచ్చినచోట ఏ రూపంలో వచ్చింది?

ముందు బాబాసాహెబ్ దగ్గరికి వెళ్దాం. యంత్రాల విషయంలో ఆయనకు సందిగ్ధం లేదు. 1945లో వచ్చిన 'అంటరానివారికి కాంగ్రెస్, గాంధీ చేసిందేమిటి' పుస్తకంలో గాంధీవాదం మీద ఒక అధ్యాయం ఉంది. మనిషికి సంస్కృతి, ఆలోచన కావాలంటే తీరిక కావాలి, తీరిక కావాలంటే యంత్రం కావాలి అన్నది అక్కడి వాదన. యంత్రం వల్ల కీడు జరుగుతోందంటే తప్పు యంత్రానిది కాదు, దాని లాభాన్ని కొద్దిమందికే కట్టబెట్టిన సమాజ నిర్మాణానిది అంటారాయన. కాబట్టి అంబేడ్కరైట్లను యంత్ర వ్యతిరేకులని ఎవరూ అనలేరు. మన అభ్యంతరం యంత్రం మీద కాదు, దాన్ని ఎవరి చేతిలో పెట్టారన్న దాని మీద.

ఆయన దీన్ని మాటల్లోనే వదల్లేదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశారు. 1946లో ఆయన ప్రవేశపెట్టిన ఫ్యాక్టరీల చట్ట సవరణతో వారానికి 54 గంటల పని 48 గంటలకు తగ్గింది. పని స్థలంలో నియంత్రణ అంటే ఆయనకు అర్థం అది. యజమాని చెయ్యి ఎంత దూరం చాచవచ్చో చట్టం గీత గీసి చెప్పాలి.

ఇప్పుడు మ్యాన్‌హోల్ దగ్గరికి వద్దాం. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. బెజవాడ విల్సన్ నడిపిస్తున్న సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు సీవర్ మరణానికి 10 లక్షల పరిహారం ఇవ్వాలంది. 2023 అక్టోబరులో మరో కేసులో దాన్ని 30 లక్షలు చేసింది. చట్టాలు, తీర్పులు ఉన్నా చావులు ఆగలేదు. 2022, 2023 సంవత్సరాల్లో సీవర్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయినవాళ్లు 150 మంది. వాటిలో 54 మరణాల మీద ప్రభుత్వమే సోషల్ ఆడిట్ చేయిస్తే, 49 మంది ఒంటి మీద ఏ రక్షణ పరికరమూ లేదని తేలింది.

చనిపోతున్నది ఎవరో ఈ సభలో చెప్పనక్కర్లేదు. అయినా ప్రభుత్వ లెక్కే చెబుతాను. నమస్తే పథకం కింద 2024 నాటికి నమోదు చేసిన దాదాపు 38 వేల మంది సీవర్, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో 68.9 శాతం ఎస్సీలు. ఎస్టీలు, ఓబీసీలతో కలిపితే సుమారు 92 శాతం. కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అని అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చెప్పింది ఈ పట్టికలో అంకెలుగా కనిపిస్తుంది.

2013 చట్టంలో ఒక చిన్న వివరణ ఉంది. కేంద్రం నోటిఫై చేసిన పరికరాలు, రక్షణ సామగ్రితో ఈ పని చేసే మనిషి చట్టం ఇచ్చిన నిర్వచనం కిందికి రాడు. అంటే పనిముట్టు చేతికిస్తే చాలు, కాగితం మీద సమస్య తీరిపోతుంది. పని అదే, చేసే కులం అదే. మ్యాన్‌హోల్ శుభ్రం చేసే యంత్రాలు మన దేశంలో లేవా అంటే, ఉన్నాయి. కేరళ యువ ఇంజనీర్లు తయారుచేసిన బ్యాండికూట్ రోబో 2018 నుంచే వాడకంలో ఉంది. విజ్ఞానం కొరత కాదిది. చావుకు సిద్ధపడే మనిషి యంత్రం కన్నా చవగ్గా దొరుకుతున్నంత కాలం కాంట్రాక్టరు యంత్రం కొనడు. ఆ మనిషిని చవగ్గా దొరికేలా ఉంచుతున్నది కులం.

ఇదే కార్మికుల జీవితాల్లోకి ఇంకో రకం యంత్రం మాత్రం ఆలస్యం లేకుండా వచ్చింది. నాగపూర్, చండీగఢ్, పంచకుల నగరాల్లో పారిశుద్ధ్య కార్మికుల చేతికి జీపీఎస్ గడియారాలు కట్టారు. మనిషి ఎక్కడ నిలబడ్డాడో, ఎంతసేపు ఆగాడో ఆఫీసులో తెర మీద కనిపిస్తుంది. మరుగుదొడ్డికి వెళ్లాలన్నా భయంగా ఉందని ఆడవాళ్లు పత్రికలవాళ్లకు చెప్పుకున్నారు. హైదరాబాద్‌లో వేలిముద్ర పోయి ముఖ గుర్తింపు హాజరు వచ్చింది. తెల్లవారుజామున చీపురు పట్టుకునే ముందు ఫోన్ ముందు నిలబడి, తాను తానేనని నిరూపించుకోవాలి.

ముఖం చదివే సాఫ్ట్‌వేర్ అందరినీ ఒకేలా చూడదు. 2018లో జాయ్ బువొలమ్‌విని, టిమ్నిట్ గెబ్రూ మూడు వ్యాపార సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ఫోటోలో ఉన్నది ఆడా మగా అని చెప్పడంలో అవి తెల్ల చర్మపు మగవాళ్ల విషయంలో 0.8 శాతం లోపే తప్పాయి. నల్ల చర్మపు ఆడవాళ్ల విషయంలో ఆ తప్పు 34.7 శాతం దాకా వెళ్లింది. మన మున్సిపాలిటీలు కొనే సాఫ్ట్‌వేర్‌ను ఎండలో కమిలిన ముఖాల మీద పరీక్షించారా అని టెండరు దశలో ఎవరు అడుగుతున్నారు?

ఊళ్లోకి వెళ్దాం. ఉపాధి హామీ పనుల్లో హాజరు యాప్ 2021లో మొదలై, 2023 జనవరి 1 నుంచి అన్ని పని ప్రదేశాల్లో తప్పనిసరి అయింది. రోజుకు రెండు ఫోటోలు. ఉపాధి పనిలో కూలి చాలావరకు కొలతను బట్టి వస్తుంది. పొద్దున్నే తవ్వి కొలత పూర్తి చేసినా, రెండో ఫోటో కోసం ఎండలో కాచుకోవాలి, లేదా ఇంటికెళ్లి మళ్లీ రావాలి. సిగ్నల్ అందకపోతే చేసిన పనికి లెక్క ఉండదు. ఇంత చేసినా మోసం ఆగిందా? సంబంధం లేని ఫోటోలు, ఫోటోకు తీసిన ఫోటోలు ఎక్కుతున్నాయని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది.

'మరి దొంగ హాజరు మాటేమిటి?' అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నకిలీ వేలిముద్రలతో హాజరు వేసిన కేసులు హైదరాబాద్‌లోనే బయటపడ్డాయి. కానీ లేని మనిషి పేరుతో జీతం తీసేది రోడ్డు ఊడ్చే ఆమె కాదు. హాజరు పుస్తకం చేతిలో ఉన్నవాడు తీస్తాడు. నిఘా మాత్రం ఆమె ముఖం మీద పెట్టారు. కాంట్రాక్టరు పీఎఫ్ కట్టాడా, చేతి తొడుగులు ఇచ్చాడా, జీతం ఒకటో తారీఖున వేశాడా అని రోజుకు రెండుసార్లు ఫోటో తీసే యాప్ మాత్రం ఎవరూ తయారు చేయలేదు.

పని దగ్గర మొదలైనది తిండి దాకా వెళ్తుంది. 2014-2019 మధ్య తెలంగాణలో సుమారు 19 లక్షల ఆహార భద్రత కార్డులు నోటీసు లేకుండా రద్దయ్యాయి. రకరకాల శాఖల సమాచారాన్ని కలిపి చూసే 'సమగ్ర వేదిక' అనే కంప్యూటర్ వ్యవస్థ అర్హుల ఏరివేతలో వాడుకలోకి వచ్చింది. రిక్షా తొక్కి బతికిన ఒక మనిషికి కారు ఉందని ఈ వ్యవస్థ పొరపాటున చూపించగా, అతని కుటుంబం రేషన్‌కు దూరమైన కథనం 2024లో వెలువడింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. యంత్రం క్షణంలో చేసిన తప్పును సరిదిద్దుకోవడానికి పేదలకు ఏళ్లు పట్టింది.

ఇక నియంత్రణ. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. దాని 7వ సెక్షన్ ప్రకారం ఉద్యోగ అవసరాల కోసం, ప్రభుత్వ సబ్సిడీల కోసం సమాచారం వాడుకోవడానికి మనిషి సమ్మతి అడగాల్సిన పని లేదు. అదే చట్టం 44వ సెక్షన్‌తో సమాచార హక్కు చట్టాన్ని సవరించి, 'వ్యక్తిగత సమాచారం' అన్న సాకుతో దరఖాస్తులు తిరస్కరించే దారిని వెడల్పు చేసింది. కార్మికురాలి ముఖం యజమానికి తెరిచి ఉంటుంది. యజమాని లెక్కల పుస్తకం మాత్రం ఆమెకు మూసుకుపోవచ్చు.

గిగ్ కార్మికుల విషయంలో రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో చట్టాలు చేశాయి. యాప్ ఏ పద్ధతిలో నిర్ణయాలు తీసుకుంటుందో కార్మికుడికి చెప్పాలని, తీసేసే ముందు రాతపూర్వక కారణంతో 14 రోజుల నోటీసు ఇవ్వాలని కర్ణాటక చట్టం అంటోంది. మంచిదే. ప్రైవేటు కంపెనీకి పెట్టిన ఆ షరతు మున్సిపాలిటీకి ఎందుకు లేదు? ఇక్కడే అసలు చిక్కు ఉంది. పారిశుద్ధ్యంలో, ఉపాధి హామీలో యాప్ పెట్టింది ప్రభుత్వమే. నియంత్రించాల్సిందీ అదే ప్రభుత్వం. తన చెయ్యిని తానే పట్టుకునే యజమాని ఉండడు. అందుకే కార్మికుల చేతిలో హక్కు ఉండాలి.

నా వైపు నుంచి నాలుగు అడుగుతాను. యంత్రం చెప్పిందన్న ఒక్క కారణంతో కూలి, రేషన్, ఉద్యోగం కోయకూడదు. నోటీసు, కారణం, సంతకం పెట్టి బాధ్యత తీసుకునే అధికారి, వినిపించుకునే అవకాశం ఉండాలి. రెండు, మ్యాన్‌హోల్ యంత్రాలు లేని ఏ పురపాలక సంస్థా హాజరు యంత్రాల మీద రూపాయి ఖర్చు పెట్టకూడదు. మూడు, యాప్ పెట్టే ముందు కార్మిక సంఘంతో మాట్లాడాలి, టెండరును, పరీక్షల ఫలితాలను బయటపెట్టాలి. నాలుగు, ఆ సమాచారం ఎవరిదో వాళ్లకు అది చూసే, సరిదిద్దించుకునే హక్కు ఉండాలి.

మీలో చాలామంది ఇంట్లో మొదటి ఇంజనీర్లు, మొదటి పరిశోధకులు. రేపు ఇలాంటి యాప్‌కు కోడ్ రాసేది మీలో ఒకరు కావచ్చు, దాని మీద థీసిస్ రాసేది ఇంకొకరు కావచ్చు. నైతికత అంటే అప్పుడు పుస్తకంలో పాఠం కాదు. ఈ యంత్రం ఎవరి బరువు దించుతోంది, ఎవరి మీద బరువు పెడుతోంది అని ఆ గదిలో గట్టిగా అడగడం. సమాధానం రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు రాయండి. మీ ఊరి మున్సిపాలిటీ కిందటేడు హాజరు యంత్రాల మీద ఎంత ఖర్చు చేసింది, సీవర్ యంత్రాల మీద ఎంత ఖర్చు చేసింది? ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూపించండి. మన చర్చ అక్కడి నుంచి మొదలవ్వాలి.

జై భీమ్.