ఆస్తమా అని ఎలా తేలుస్తారు? ఇంకా తేలాల్సినవి ఏంటి?

పోయిన ఎపిసోడ్‌లో ఇన్‌హేలర్ సరిగ్గా ఎలా పీల్చాలో చూపించాను కదా. అది చూసి పాత పేషెంట్ ఒకాయన ఫోన్ చేశారు. “పీల్చడం బాగానే నేర్పించారు, అసలు నాది ఆస్తమానే అని గ్యారంటీ ఏంటి డాక్టర్ గారూ?” అన్నారు. పదేళ్లుగా పంపు వాడుతున్నారు ఆయన. ఫైలు తెప్పించి చూశాను. ఎక్స్‌రేలు ఉన్నాయి, రక్త పరీక్షలు ఉన్నాయి. ఊపిరితిత్తులు ఎలా పనిచేస్తున్నాయో చూసిన రిపోర్టు ఒక్కటీ లేదు. అందుకే ఈ రోజు ఈ విషయం తీసుకున్నాను.

షుగర్‌కి ఒక పరీక్ష ఉంది, అంకె చూసి చెప్పేస్తాం. ఆస్తమాకి అలాంటి ఒక్క పరీక్ష ఇప్పటికీ లేదు. కారణం ఆ జబ్బు స్వభావమే. అది వస్తుంది, పోతుంది. రాత్రి మూడింటికి ఆయాసంతో లేచి కూర్చున్న మనిషి పొద్దున పదకొండింటికి క్లినిక్‌కి వచ్చేసరికి మామూలుగా ఉంటాడు. స్పైరోమెట్రీలో గట్టిగా ఊదిస్తాం, మొదటి సెకనులో ఎంత గాలి బయటికి వచ్చిందో కొలుస్తాం, మందు పీల్పించి మళ్లీ ఊదిస్తాం. పెద్దవాళ్లలో 12 శాతం, పైగా 200 మిల్లీలీటర్లు పెరిగితే ఆస్తమా వైపు మొగ్గుతాం. పెరగకపోతే? ఆస్తమా లేదని అనలేం. ఆ రోజు గొట్టాలు తెరుచుకుని ఉన్నాయి, అంతే.

ఇందులో పొరపాట్లు మన దగ్గరే జరుగుతున్నాయనుకోకండి. కెనడాలో డాక్టర్లు ఆస్తమా అని చెప్పిన 613 మంది పెద్దవాళ్లని మళ్లీ పరీక్షించారు. మందులు మెల్లగా తగ్గిస్తూ, పదేపదే ఊదిస్తూ చూశారు. మూడో వంతు మందికి, అంటే 33 శాతానికి, అప్పటికి ఆస్తమా ఉన్నట్టు తేలలేదు. 2017లో వచ్చిన అధ్యయనం అది. వాళ్లలో 12 మందికి ఉన్నది వేరే తీవ్రమైన గుండె జబ్బో, శ్వాసకోశ జబ్బో.

ఆ 12 అనే అంకె దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే నేనూ ఆ తప్పు చేశాను. పీజీ అయిన కొత్తలో ఒకావిడ వచ్చారు, నలభై లోపు వయసు. రాత్రిళ్లు ఆయాసం, పిల్లికూతలు. ఆస్తమా అని రాసి ఇన్‌హేలర్ ఇచ్చాను. “కొంచెం నయమేనయ్యా” అనేవారు, నేనూ సంతోషించేవాణ్ణి. ఆరు నెలల తర్వాత ఇంకో డాక్టర్ ఎకో తీయిస్తే గుండెలో మైట్రల్ కవాటం సన్నబడిందని తేలింది. చిన్నప్పుడు జ్వరం, కీళ్ల నొప్పులు వచ్చాయా అని నేను అడగనే లేదు. స్టెతస్కోపు నా మెడలోనే ఉంది. సమయానికి బెలూన్ చికిత్స అందింది కాబట్టి సరిపోయింది.

ఇది ఒక వైపు. మన దేశంలో రెండో వైపే పెద్దది. గ్లోబల్ ఆస్తమా నెట్‌వర్క్ మన దేశంలోని కేంద్రాల్లో సర్వే చేస్తే, పిల్లికూతలు ఉన్నవాళ్లలో 82 శాతానికి ఆస్తమా అని ఎవరూ చెప్పనే లేదు. ఎందుకు చెప్పరో నాకు తెలుసు. “నెమ్ము చేసింది” అంటాం, “అలర్జీ దగ్గు” అంటాం. ఆడపిల్ల అయితే తల్లే అడుగుతుంది, “ఆస్తమా అని రాయకండి సార్, రేపు సంబంధాలు రావాలి” అని.

మరి పరిశోధన ఎక్కడ జరగాలి? నన్నడిగితే మొదటిది ఇసినోఫిల్స్ సంగతి. బ్రిటన్‌లో 2024 నవంబర్‌లో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. పెద్దవాళ్లలో లక్షణాలు సరిపోయి, రక్తంలో ఇసినోఫిల్స్ మామూలు పరిధి దాటినా, ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ 50 పీపీబీ ఉన్నా ఆస్తమా అని నిర్ధారించవచ్చన్నారు. సులువైన దారే. కానీ గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మనిషికి ఇసినోఫిల్స్ పెరిగితే నేను వెంటనే ఆస్తమా అనలేను. కడుపులో నులిపురుగులున్నా పెరుగుతాయి. బోదకాలు తెచ్చే ఫైలేరియా క్రిమి వల్ల ఊపిరితిత్తుల్లో వచ్చే ఇసినోఫిలియా ఉంది, అదీ రాత్రిపూట దగ్గు, పిల్లికూతలతోనే వస్తుంది. ఇసినోఫిల్స్ 3000 దాటిపోతాయి. దానికి మందు డీఈసీ మాత్రలు, మూడు వారాలు. ఇన్‌హేలర్ కాదు. అక్కడి అంకె మనకు సరిపోతుందా, ఎక్కడ గీత గీయాలి అన్నది మన పేషెంట్ల మీదే తేల్చాలి.

రెండోది అయిదేళ్లలోపు పిల్లలు. వాళ్లు గట్టిగా ఊదలేరు. మామూలుగా ఊపిరి తీసుకుంటుంటేనే కొలిచే ఆసిలోమెట్రీ ఉంది, దాన్ని ఈ వయసులో ఎంతవరకు నమ్మాలో ఇంకా తేలాలి. ఇక కట్టెల పొయ్యి దగ్గర ముప్ఫై ఏళ్లు పొగ పీల్చిన ఆడవాళ్లలో ఏది ఆస్తమా, ఏది సీఓపీడీ అన్నది ఇంకో చిక్కు. దాని మీద విడిగా ఒక ఎపిసోడ్ చేస్తాను.

ఇంకొకటుంది, నాకు రోజూ ఎదురయ్యేది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మొదలుపెట్టాక నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిపోతుంది, స్పైరోమెట్రీ బాగుపడుతుంది. అంటే మందే సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. అలాంటివాళ్లకి మళ్లీ ఎలా నిర్ధారించాలి? కెనడా వాళ్లలా ఒక్కొక్కరినీ నెలల తరబడి చూడటం మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అయ్యే పనేనా? తక్కువ ఖర్చుతో, నర్సు చేతిలో అయ్యే పద్ధతి కావాలి.

మొదట చెప్పిన పెద్దాయనకి నేను పీక్ ఫ్లో మీటర్ కొనిపించాను. చిన్న ప్లాస్టిక్ గొట్టం, వందల్లోనే వస్తుంది. పొద్దున, రాత్రి మూడేసి సార్లు ఊది, ఎక్కువ వచ్చిన అంకె రాసుకోమన్నాను, రెండు వారాలు. పంపు మాత్రం ఆపొద్దన్నాను. మీరు కూడా సొంతంగా ఆపకండి, దయచేసి. నిన్నటికి తొమ్మిది రోజుల అంకెలు పంపారు. పొద్దుటికీ రాత్రికీ బాగానే తేడా కనిపిస్తోంది. మిగతా అయిదు రోజులూ చూసి ఆయనకి చెబుతాను.