ఆఖరి అధ్యాయం తర్వాత



నవల పాఠం చెబుతూ ఆఖరి అధ్యాయం దగ్గర పుస్తకం మూసేసి, ఇక్కణ్ణించి మీరు రాయండర్రా అనేవారు మా మాస్టారు. ఈ పని ఇప్పుడు చాలా తరగతుల్లో జరుగుతోంది గాని, సగమే జరుగుతోంది. పిల్లలు రాస్తారు, ఊహాశక్తి బాగుందంటాం, చప్పట్లు కొడతాం, అక్కడితో సరి. ఆ ముగింపును నవల ఒప్పుకుంటుందా అని మాత్రం అడగం. అసలు పాఠం ఆ ప్రశ్నతోనే మొదలవుతుందని నా వాదన.

షార్లెట్ బ్రాంటీ 'విలెట్' (1853) సంగతే చూడండి. లూసీ స్నో ఇంగ్లండు నుంచి ఒంటరిగా పరాయి దేశం వెళ్లి, మదాం బెక్ నడిపే ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెబుతుంది. అక్కడి సాహిత్యం మాస్టారు పాల్ ఇమాన్యుయెల్ ఆమెకు సొంతంగా ఒక చిన్న బడి ఏర్పాటు చేసి, మూడేళ్లపాటు గ్వాడలూప్ దీవికి వెళ్తాడు. తిరిగొచ్చే వేళకు అట్లాంటిక్ మీద ఏడు రోజుల తుపాను. లూసీ అక్కడ ఆపేస్తుంది. ఆయన మునిగాడనీ అనదు, ఒడ్డెక్కాడనీ అనదు. సుఖాంతం కావలసినవాళ్లు ఊహించుకోండి అని వదిలేస్తుంది.

దీని వెనక ఇంట్లో జరిగిన వాదం ఒకటుందని ఎలిజబెత్ గాస్కెల్ 1857 నాటి జీవితచరిత్రలో రాసింది. తండ్రి పాట్రిక్‌కు విషాదాంతాలు గిట్టవు, లూసీకీ పాల్‌కూ పెళ్లి చెయ్యమన్నాడు. షార్లెట్ మనసులో పాల్ అప్పటికే సముద్రంలో పోయాడు. అది మార్చడం ఆమె వల్ల కాలేదు. తండ్రి మాట బొత్తిగా తోసెయ్యలేక, అతని గతిని మర్మంగా చెప్పి ఊరుకుంది.

తరగతిలో ఎక్కువమంది పాల్‌ను క్షేమంగా ఒడ్డుకు చేరుస్తారు. అప్పుడు పుస్తకం మళ్లీ తెరిపించాలి. అతను దూరంగా ఉన్న ఆ మూడేళ్లే తన జీవితంలోకెల్లా సంతోషంగా గడిచాయని లూసీ అదే అధ్యాయంలో అంటుంది. తల నెరిశాక, బతుకంతా వెనక్కి చూసుకుని అంటున్న మాట అది. పెళ్లాడి కాపురం చేసిన మనిషి అలా అంటుందా? పైగా తుపాను తర్వాత వచ్చే ఆఖరి వాక్యాలు ఆ పెళ్లికి అడ్డుపడ్డ మదాం బెక్, ఫాదర్ సిలాస్, మదాం వాల్రావెన్స్ కులాసాగా బతికారన్న కబురు. పాల్ ఏమయ్యాడో తెలీక మనం గింజుకుంటుంటే వీళ్ల క్షేమసమాచారం ఎవరడిగారు? పెళ్లి రాసిన విద్యార్థి దీనికి జవాబు చెప్పుకోవాలి. చెప్పగలిగితే మార్కులన్నీ ఇచ్చెయ్యాల్సిందే.

పాల్‌ను చంపేసినవాళ్లనూ వదలకూడదు. లూసీ దాపరికం మనిషి. డాక్టర్ జాన్ తనకు చిన్ననాడే తెలిసిన గ్రాహమేనని గుర్తుపట్టి కూడా మనకు చాలా పేజీల దాకా చెప్పదు. అలాంటి ఆమె శవం మీద పడి బావురుమందని రాస్తే ఆ గొంతు లూసీది కాదు, టీవీ సీరియల్‌ది. తరగతిలో ఒక అమ్మాయి మాత్రం తుపాను జోలికే పోలేదు. కొన్నేళ్ల తర్వాత లూసీ బడిలో ఒక సోమవారం రాసింది. కొత్తగా చేరిన పిల్ల ఫీజు లెక్క, సాహిత్యం చెప్పేవారు కావలెనని ప్రకటన. పాల్ పేరు ఎక్కడా లేదు. నవల స్వభావానికి అంత దగ్గరగా వచ్చిన ముగింపు నేను మరొకటి చూడలేదు.

డికెన్స్ అయితే ఈ అభ్యాసం స్వయంగా చేశాడు. 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'లో కథానాయకుడు పిప్, అతను ప్రేమించిన ఎస్టెల్లా వీధిలో కాసేపు కలిసి విడిపోయినట్టు మొదట రాసి, మిత్రుడు బుల్వర్ లిట్టన్ మాట మీద 1861లో అచ్చుకు ముందే మార్చాడు. రెండు ముగింపులూ దొరుకుతున్నాయి. పక్కపక్కన చదివించి, ఏది నచ్చిందని అడక్కండి. పిప్ అన్నేళ్లూ దెబ్బలు తిని నేర్చుకున్నది ఏ ముగింపులో వృథా అయిందో అడగండి.

పాఠ్యప్రణాళిక సంఘాల్లో ఉన్న మిత్రులకు ఒక విన్నపం. ఈ అభ్యాసాన్ని మూడు గంటల పరీక్షలో ప్రశ్నగా పెట్టకండి. పెడితే వచ్చే ఏడాదికల్లా ముగింపులు గైడుల్లో అచ్చయి వస్తాయి. పుస్తకం చేతికిచ్చి ఇంటికి పంపండి, రెండు వారాలు గడువివ్వండి. ముగింపు ఒక పేజీ రాస్తే, దానికి నవలలో ఆధారం ఎక్కడుందో చూపిస్తూ ఇంకో పేజీ రాయమనండి. మార్కులు రెండో పేజీకే ఎక్కువ పెట్టండి.