తిబిలిసి విమానాశ్రయం నుంచి సిఘ్నాఘి కొండకు

జార్జియాలో మన తెలుగు పిల్లలు చాలామంది వైద్యవిద్య చదువుతున్నారు. వాళ్లను చూడడానికి వెళ్లే అమ్మానాన్నలకు, సిఘ్నాఘి అనే ఊరి ప్రయాణం గురించి ఈ నాలుగు మాటలు.

రాజధాని తిబిలిసికి తూర్పున కాఖేతి సీమ ఉంది. అది ద్రాక్షతోటల సీమ. అక్కడ ద్రాక్షరసాన్ని, భూమిలో పాతిన క్వెవ్రి అనే పెద్ద మట్టి కుండల్లో పోసి, వైన్ చేస్తారు. ఈ పద్ధతిని 2013లో యునెస్కో వారసత్వంగా గుర్తించింది. ఆ సీమలోనే కొండమీది ఊరు సిఘ్నాఘి. ఊరి చుట్టూ పాత కోటగోడ. కింద అలజాని లోయ. ఎదురుగా మంచుకొండల వరస.

మరి వెళ్లడమెలా? విమానాశ్రయం కూడా నగరానికి తూర్పు వైపే ఉంది. కాబట్టి నగరం నడిబొడ్డుకు వెళ్లే పని లేదు. ముందుగా సమ్‌గోరి మెట్రో స్టేషన్ చేరండి. ఆ పక్కనుంచే సిఘ్నాఘికి మార్ష్రుత్కాలు, అంటే మన షేర్ వ్యాన్ల వంటివి, బయలుదేరతాయి. ప్రయాణం సుమారు రెండు గంటలు.

ఒక్క జాగ్రత్త. ఈ వ్యాన్లు పగటిపూటే, అదీ కొన్నే నడుస్తాయి. తిబిలిసిలో చాలా విమానాలు రాత్రివేళ దిగుతాయి. అలా దిగితే ఆ రాత్రి నగరంలోనే పడుకోండి. సామాను ఎక్కువైనా, పెద్దవాళ్లు వెంట ఉన్నా, నేరుగా టాక్సీ మాట్లాడుకోండి. ఎక్కే ముందే ధర తేల్చుకోండి.

మళ్లీ చెబుతున్నాను. పగలు దిగితే సమ్‌గోరి, రాత్రి దిగితే విశ్రాంతి. తిరుగు వ్యాన్ వేళ మాత్రం సిఘ్నాఘిలో దిగగానే అడిగి తెలుసుకోండి.