పాఠం చెప్పేవాళ్లకు పాఠం ఎవరు చెప్పాలి?

(ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బడి పంతులమ్మను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. ఒకటో తరగతికి అ ఆలు దిద్దించాలంటే మమ్మల్ని రెండేళ్లు ట్రైనింగు చేయమంటారు. మాచేత పాఠం చెప్పించి, వెనక కూచుని తప్పులు పట్టి, మళ్లీ చెప్పిస్తారు. మరి ఎం.ఏ.కి చెప్పే ప్రొఫెసరుకో? నెట్టో, పీహెచ్‌డీయో ఉంటే చాలు. ఈతొచ్చిన ప్రతివాడూ ఈత నేర్పగలడా?

నా సంగతే చెప్తాను. నేను ఎం.ఏ. చదివేటప్పుడు ఒక సారు పాత నోట్సు తెచ్చి ఇంగ్లీషులో చదివి వెళ్లిపోయేవాడు. తెలుగు మీడియం నుంచి వచ్చిన మేం ఆఖరు బెంచీల్లో కూచుని అక్షరాలు దించుకునేవాళ్లం. ఒకరోజు ధైర్యం చేసి లేచి, "సార్, మళ్లీ ఒకసారి చెప్పండి" అన్నాను. "ఏ కోటాలో వచ్చావమ్మా?" అన్నాడాయన. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత రెండేళ్లూ నేను నోరు విప్పలేదు. నా పక్కన కూచునే పిల్ల మూడో నెలలోనే పెట్టె సర్దుకుని ఊరికి పోయింది. చదువు మానేసిందని రాసుకున్నారు. మాన్పించిందెవరో రాయలేదు.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత యూజీసీ అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టింది. మన ఉస్మానియాలో, తిరుపతి ఎస్వీలో కూడా నడిచాయి. కొత్తవాళ్లకు నాలుగు వారాల ఓరియెంటేషన్, పాతవాళ్లకు మూడు వారాల రిఫ్రెషర్. సర్టిఫికెట్టును ప్రమోషనుకు ముడిపెట్టారు. చిక్కంతా అక్కడే పడింది. హాజరు పడిందా, సర్టిఫికెట్టు వచ్చిందా, స్కేలు మారిందా? ఇదీ లెక్క. తిరిగొచ్చాక క్లాసులో ఏం మారిందని ఆఖరు బెంచీని ఎంతమంది అడిగారు?

2007లో తోరట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్ మీద నివేదిక ఇచ్చింది. మాస్టర్ల నుంచి తోటివాళ్లకు అందినంత సాయం తమకు అందడం లేదని దళిత, ఆదివాసీ విద్యార్థులు అందులో చెప్పుకున్నారు. 2023లో మాలవీయ మిషన్ పేరుతో మళ్లీ శిక్షణలు మొదలుపెట్టారు. దాని ఎనిమిది అంశాల్లో విద్యార్థుల వైవిధ్యం ఒకటి. మంచిదే. కానీ వైవిధ్యం అనే మెత్తని మాట కింద కులం అనే మాటను పాతిపెట్టకూడదు.

1918లో బాబాసాహెబ్ బొంబాయి సిడెన్‌హాం కాలేజీలో ప్రొఫెసరుగా చేరితే, స్టాఫ్ రూము కుండలో నీళ్లు తాగడానికి వీల్లేదని తోటి ప్రొఫెసర్లు అభ్యంతరం పెట్టారు. ఆయన పాఠం వినడానికి మాత్రం వేరే కాలేజీల పిల్లలు కూడా వచ్చేవారు. ఆ ప్రొఫెసర్లకు చదువు తక్కువై అలా చేశారా? వాళ్లకు కావలసిన శిక్షణ వేరే.

కాబట్టి మనం అడగాల్సినవి మూడు. ఒకటి, బడి టీచరుకు లాగే లెక్చరరు క్లాసులోనూ ఒకరు కూచుని చూడాలి. రెండు, మొదటి తరం పిల్లలు పేరు రాయకుండా తమ మాట చెప్పుకునే వీలుండాలి, ఆ మాటకు విలువుండాలి. మూడు, శిక్షణ ఇచ్చేవాళ్లలో దళిత, ఆదివాసీ అధ్యాపకులుండాలి. ఈ పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనమూ ఉండాలి.

"సార్, మళ్లీ ఒకసారి చెప్పండి" అని రేపు మన పిల్ల లేచి అడుగుతుంది. ఆ సారు కులం అడగకుండా పాఠం చెప్పేదాకా మనం అడుగుతూనే ఉందాం.

జై భీమ్!