పరీక్ష ఎక్కడ ఆపాలి?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువులో వెనుకబడిన పిల్లవాణ్ణి చూసి, "బుద్ధి పరీక్ష చేయించండి" అని ఎవరో సలహా చెప్తారు. తల్లిదండ్రులు పట్నం పోయి ఒక కాగితం తెస్తారు. దాని మీద ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఎట్లా వచ్చిందని మనం అడగం. పరీక్ష ఎక్కడ ఆపితే అంకె అక్కడే నిలుస్తుందన్న సంగతి మనవి చేయడానికే నేను నిలబడ్డాను.

ఈ పరీక్షను 1905లో పారిస్‌లో బినే, సైమన్ అనే ఇద్దరు తయారుచేశారు. లాహోర్‌లో పనిచేసిన హెర్బర్ట్ రైస్ దాన్ని హిందుస్తానీలోకి మలిచి 1929లో పుస్తకంగా తెచ్చారు. తర్వాత ధార్వాడలో వి.వి.కామత్ కన్నడ, మరాఠీ పిల్లలకు అనువుగా మార్చారు. కామత్ పరీక్ష ఇప్పటికీ వాడుకలో ఉంది.

అందులో పదేండ్ల మెట్టు వరకు ఒక్కో వయసుకు ఆరేసి ప్రశ్నలు. ఆరింటికీ జవాబు చెప్పిన మెట్టు పునాది. ఆరూ తప్పిన మెట్టు పైకప్పు. అక్కడ ఆపాలి, అంతకు ముందు ఆపకూడదు. నడుమ చెప్పిన ఒక్కో జవాబుకు రెండు నెలలు కలుపుతారు.

లెక్క చూడండి. పిల్లవాడికి పదేండ్లు, అంటే 120 నెలలు. ఆరేండ్ల మెట్టు మొత్తం చెప్పాడు: 72 నెలలు. ఏడులో నాలుగు, ఎనిమిదిలో మూడు, తొమ్మిదిలో ఒకటి చెప్పాడు. పదిలో ఏమీ లేదు. కలిపితే 88 నెలలు, ప్రజ్ఞాలబ్ధి 73. పరీక్ష చేసేవారు విసుగుపడి ఏడు దగ్గరే ఆపారనుకోండి. 80 నెలలు, అంటే 67. సాధారణంగా 70 దగ్గర గీత గీస్తారు. పిల్లవాడు వాడే, గీతకు ఈవల ఉండవలసినవాడు ఆవలికి పోయాడు!

అట్లాగని పైకప్పు దాటినా ప్రశ్నలు వేస్తూ పోవద్దు. "ఇంకొక్కటి అడగండి సార్" అని మనం బతిమాలుతాం. రానివే అడిగితే పిల్లవాడి ధైర్యం పోతుంది. కొన్ని పరీక్షలలో వరుసగా ఇన్ని తప్పితే ఆపాలని ఒక్కో భాగానికి వేరు లెక్క ఉంటుంది. ఆ లెక్క చేతిపుస్తకం చెప్తుంది, మన జాలి కాదు, తొందర కాదు.

మరొక రకం ఆపడం ఉంది. పిల్లవాడికి జ్వరం, నిద్ర, భయం, చెవి సరిగా వినబడకపోవడం. అప్పుడు పరీక్ష నిలిపి మరొక రోజు చేయాలి. కాగితంపై "పూర్తికాలేదు" అని రాయాలి గాని తక్కువ అంకె వేయరాదు.

ఇక జబాన్ మాట. మన తాండూరు పిల్లలు ఇంట్లో దక్కనీ, బడిలో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడుతారు. సరిహద్దు పక్కనే గనుక కన్నడ కూడా చెవిన పడుతుంది. అలసిన పిల్లవాడు "నక్కో" అంటాడు. అంటే వద్దన్నాడు గాని రాదనలేదు. దక్కనీ తెలియనివారు దాన్ని తప్పు కింద వేస్తే, రాని పైకప్పు వచ్చినట్టవుతుంది. తెలుగులో అడిగిన ప్రశ్న అర్థం కాకపోతే అది భాష లోటు, బుద్ధి లోటు కాదు.

కాబట్టి కాగితం తీసుకునేటప్పుడు మర్యాదగా నాలుగు మాటలు అడగండి. ఏ భాషలో చేశారు? ఎక్కడ మొదలుపెట్టారు? ఎక్కడ, ఎందుకు ఆపారు? ఇంట్లో, బజారులో పిల్లవాడు తన పనులు ఎట్లా చేసుకుంటాడో విచారించారా? ఒక్క అంకెతోనే మేధో వైకల్యం నిర్ణయించకూడదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఈ పని కోసమే ఉంది. అనుమానముంటే అక్కడ చూపించవచ్చు. నిజంగా లోపం తేలితే దాచవద్దు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆ పిల్లలకు చదువు హక్కు ఇచ్చింది.

పరీక్ష ఆగే చోటు ఉంటుంది. పిల్లవాడి చదువు మాత్రం అక్కడ ఆగకుండా చూడవలసినది మనమే.